ఉదయగిరి కొండ మీద ఇరవై సెకన్లు

ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు పలకరిస్తారు. "పైలెట్ సారూ, మబ్బులో కూడా కళ్ళు మూసుకోని దించేవోడివంట గదా!" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ పేరు నాకెలా వచ్చిందో, అది నిలబెట్టుకోవడానికి ఎవరి నోట మట్టి కొట్టానో వాళ్ళకు తెలియదు. విమానం నడపాలని ఆశపడే పిల్లలు ఈ మధ్య సలహాల కోసం మా ఇంటికి వస్తున్నారు. వాళ్ళకు నోటితో చెప్పబోతే మధ్యలో నా గొప్పలు దూరిపోతున్నాయి. రాస్తే వాటిని కొట్టేయొచ్చు కదా అని రాస్తున్నాను.

మబ్బులో నేల కనబడనప్పుడు పరికరాలు చూసుకుంటూ దిగడానికి ఒక పద్ధతి ఉంది. ప్రభుత్వం వాళ్ళు కొండలూ టవర్లూ కొలిచి, విమానంతో ఎగిరి చూసి, ఒక దారి గీసి అచ్చు వేస్తారు. ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో అందులో ఉంటుంది. చివరి ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే కనబడితే దిగాలి, లేకపోతే మారుమాట లేకుండా పైకి వెళ్ళిపోవాలి. విమానంలో ఉండే జీపీఎస్ పెట్టె ఆ దారిని తెర మీద గులాబీ రంగు గీతగా చూపిస్తుంది. మేం దాన్ని బాక్సు అనేవాళ్ళం. బాక్సు చాలా బుద్ధిమంతురాలు. మనం ఏ అంకెలు ఇస్తే ఆ అంకెల దగ్గరికే తీసుకెళ్తుంది, అక్కడ కొండ ఉన్నా సరే.

నా ఉద్యోగం చివరి రోజుల్లో ఒక పెద్ద కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను. మూడు తరాలుగా ఊరి పెత్తనం వాళ్ళదే. అందరిలాగే నేనూ ఆయన్ని పెద్దాయన అనేవాణ్ణి. ఆయనకు రెండింజన్ల చిన్న విమానం ఒకటి, ఉదయగిరికి తూర్పున ఎకరాలకొద్దీ నిమ్మతోటలు ఉండేవి. కారులో హైదరాబాదు నుంచి రావడం తన స్థాయికి తగదనిపించి, చెట్లు కొట్టించి అక్కడే ఒక రన్‌వే వేయించాడు. అలాంటి సొంత రన్‌వేలకు అచ్చువేసిన దారి ఉండదు. ఆకాశం తేటగా ఉంటే కళ్ళతో చూసి దిగాలి, మబ్బు పడితే ఇంకో ఊరు చూసుకోవాలి. చట్టం అంతే.

రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. పడమట ఉదయగిరి దుర్గం కొండ, మూడు వేల అడుగుల పైచిలుకు. తూర్పున చదును నేల. బుద్ధున్నవాడెవడైనా తూర్పు నుంచి వచ్చి పడమర ముఖంగా దిగుతాడు. నేనూ అదే అనుకున్నాను. ప్రారంభానికి ముందు పెద్దాయన తన సిద్ధాంతిని తీసుకొచ్చాడు. ఆయన రన్‌వే మీద నాలుగడుగులు వేసి, పంచె సర్దుకుని తేల్చేశాడు.

"తూర్పు ముఖంగానే దిగాల. పడమర ముఖంగా దిగితే యజమానికి ఎదుగుదల ఉండదు."

"అట్టా దిగాలంటే కొండ మీద నుంచి రావాల స్వామీ. పైగా గాలి ఎటు నుంచి వస్తే అటే ముఖం పెట్టాల" అన్నాను.

"గాలికి వాస్తు లేదు నాయనా. రన్‌వేకి ఉండాది."

పెద్దాయన మా సొంతూరి పేరెత్తి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు జలదంకి మొనగాడివి. కొండొక లెక్కా నీకు?" అన్నాడు. నిజం చెప్పాలంటే సిద్ధాంతి వాస్తుకంటే ఆ ఒక్క మాటే నన్ను పాడు చేసింది. పొగడ్తకు లొంగే పైలెట్లకు విడిగా ఒక పరీక్ష పెట్టాలి. నేను అందులో ఎన్నేళ్ళు రాసినా గట్టెక్కేవాణ్ణి కాదు.

అలా నేను నా సొంత దారి ఒకటి తయారు చేశాను. నాలుగు గుర్తులు. మొదటిది కొండకు అవతల. రెండోది కొండ దాటీ దాటగానే, అక్కడి నుంచి దిగడం మొదలు. మూడోది రన్‌వేకి మూడు మైళ్ళ దూరంలో. నాలుగోది రన్‌వే అంచు. కొండ మీద వెయ్యి అడుగుల ఎడం ఉంచమంటుంది నియమాల పుస్తకం. అంత ఎత్తు నుంచి దిగితే మా పొట్టి రన్‌వే దాటి ఆత్మకూరు రోడ్డెక్కుతాం. అందుకని మూడు వందల అడుగులు చాలనుకున్నాను. ఎత్తులూ దూరాలూ ఒక కార్డు మీద రాసి, దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాను. అచ్చువేసినట్టే ఉంది. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇంకో చిక్కు వచ్చింది. బాక్సులో ఒక హెచ్చరిక గొంతు ఉంటుంది, ఆడ గొంతు. నేలకు మరీ దగ్గరైతే నేల నేల, పైకి లేపు అని ఇంగ్లీషులో అరుస్తుంది. మా రన్‌వే దానికి తెలియదు కనక మేం నిమ్మతోటలో పడబోతున్నామని దాని భయం. దిగిన ప్రతిసారీ అరిచేది.

"ఆ యమ్మ ఎవురయ్యా, ఇంటికొచ్చేటప్పుడల్లా శాపనార్థాలు పెడతాది? అపశకునం. నోరు మూయించు" అన్నాడు పెద్దాయన.

నోరు మూయించడానికి ఒక మీట ఉంది. నొక్కాను. ఆ తర్వాత మా విమానంలో ఎంతో ప్రశాంతంగా ఉండేది.

తేట ఆకాశంలో ఆ దారిన పదకొండు సార్లు దిగాం. పదకొండు సార్లూ గులాబీ గీత చక్కగా రన్‌వే అంచుకు చేర్చింది. పెద్దాయన స్నేహితుల ముందు నన్ను చూపించి "మావోడు కళ్ళు మూసుకోని దించుతాడు" అనేవాడు. నేను తల వంచుకుని, వినయం నటించేవాణ్ణి.

అప్పుడే మాకు కొత్త కోపైలెట్ వచ్చింది. ఆత్మకూరు అమ్మాయే. వాళ్ళ అబ్బా ముప్పై ఏళ్ళు బస్సు తోలాడు, ఎక్కువ కాలం సీతారామపురం రూటులో. ఇంటి స్థలం అమ్మి కూతురికి విమానం నేర్పించాడు. ఆ పిల్లకు ఎగిరిన గంటలు కావాలి, మంచిగా పనిచేసిందని పక్కన కూర్చున్న కెప్టెను రాసిచ్చే కాగితం కావాలి. ఆ కాగితం బాగుంటే పెద్ద విమానాలు, బాగాలేకపోతే ఇల్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమెకు ఒక జబ్బు ఉండేది. ఎవరు ఏం రాసిచ్చినా మళ్ళీ కొలిచేది. సంచిలో ఎప్పుడూ ఒక స్కేలు. నేను ఆమెను సర్వేయరమ్మా అని పిలిచేవాణ్ణి. విమానం బాగుచేసే మా ఇంజనీరు నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, కానీ కొలవడం మానేది కాదు. వచ్చిన పదో రోజునే నా కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, రెండో గుర్తు నుంచి మూడో గుర్తుకి కార్డులో 4.2 మైళ్ళు రాసుండారు. బాక్సులో 4.5 వస్తా ఉండాది."

"ఏమ్మా, మూడు పదో వంతుల కోసం నన్ను లేపినావా?" అన్నాను. నేను షెడ్డులో కుర్చీలో కునుకు తీస్తున్నాను.

"రెండిట్లో ఒకటి తప్పు గదా సార్."

"పదకొండు సార్లు దిగినాం. ఎప్పుడన్నా తేడా వచ్చిందా?"

"పదకొండు సార్లూ కొండ కంటికి కనబడతా ఉండింది సార్."

జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారో అదే చేశాను. "నువ్వు పుట్టకముందు నుంచీ ఎగరతా ఉండానమ్మా" అని కళ్ళు మూసుకున్నాను.

నవంబరు వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం. పెద్దాయన తోటలో నిమ్మకాయల గోడౌనుకు శంకుస్థాపన, ముహూర్తం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు. మర్నాటి నుంచి మూఢం. అంటే ఆ రోజు తప్పితే మళ్ళీ నెలల తరబడి ఆగాలి. హైదరాబాదులో బయలుదేరే ముందు రన్‌వే కాపలాదారుకు ఫోను చేశాను.

"ఎట్టా ఉండాది ఆకాశం?"

"మబ్బుగానే ఉండాది సార్. అయినా నిమ్మచెట్లు బాగా కనబడతా ఉండాయి."

అతను చెట్ల పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ వాతావరణ సూచనతో బయలుదేరాం. వెనక పెద్దాయన, సిద్ధాంతి. ముందు నేను, నా పక్కన ఆ అమ్మాయి.

ఉదయగిరి దగ్గరికి వచ్చేసరికి కింద ఒక్క అడుగు నేల కనబడలేదు. తెల్లటి మబ్బు, మధ్యలో వాన. ఆమె నా వైపు చూసింది. "రేణిగుంటకి పోదాం సార్. ఆడ అచ్చువేసిన దారుండాది" అంది. వెనక నుంచి పెద్దాయన వంగి "ఎంతసేపయ్యా ఇంకా?" అని అడిగాడు. గడియారంలో పది గంటల పద్దెనిమిది.

"పది నిమిషాలండీ" అన్నాను. నేను జవాబు చెప్పింది పెద్దాయనకు, కానీ ఆ అమ్మాయికి కూడా చెప్పినట్టే.

కొండ మీద ఉండాల్సిన ఎత్తులో మబ్బులోకి దూరాం. మొదటి గుర్తు దాటింది. ఆమె స్కేలు బయటికి తీయలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని బాక్సు వైపే చూస్తోంది. రెండో గుర్తు వచ్చిందని బాక్సు చెప్పింది. ముహూర్తం తొందరలో నేను ముక్కు కాస్త ఎక్కువే దించాను.

"సార్, ఇప్పుడే దించబాకండి. ఇంకో మూడు పదో వంతులు పోనీండి."

"కార్డు చూడమ్మా."

"చూసినాను సార్. దించబాకండి."

నేను దించుతూనే ఉన్నాను. అప్పుడామె ఎడమ చేత్తో రెండు ఇంజన్ల మీటలూ చివరిదాకా తోసి, కుడి చేత్తో కంట్రోలు వెనక్కి లాగింది. విమానం లేచింది. అదే క్షణంలో కింద మబ్బు చిరిగింది. తడిసిన బండలు, బండల మీద మేకలు, ఒక గొడుగు కనబడ్డాయి. గొడుగుకు ఒక ఊచ విరిగి వేలాడుతోంది. విమానంలో నుంచి గొడుగు ఊచ కనబడటమంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. గొడుగు వెనక్కి వాలింది, మేకలు కాసే ముసలాయన ముఖం పైకి లేచింది, మళ్ళీ మబ్బు మూసుకుపోయింది. వెనక సిద్ధాంతి గట్టిగా స్తోత్రం అందుకున్నాడు.

ఐదు వేల అడుగులకు చేరాక ఆమె చేతులు తీసేసింది. "సార్, కంట్రోల్ మీదే" అంది. గొంతులో కోపం లేదు, గెలుపు కూడా లేదు. నేను తిట్టాల్సింది, లేకపోతే దండం పెట్టాల్సింది. రెండూ చేయకుండా విమానాన్ని రేణిగుంట వైపు తిప్పాను. అక్కడ అచ్చువేసిన కాగితం చెప్పిన ఎత్తులో, చెప్పిన చోట రన్‌వే కనబడింది. దిగాం. పది గంటల నలభై రెండు దాటిపోయింది.

పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఎవురు లేపినారు పైకి?"

"ఆ అమ్మాయండీ."

"ఎందుకు?"

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నన్ను అడిగిన ఒకే ఒక్క ముఖ్యమైన ప్రశ్న అది. జవాబు చాలా సులువుగా నోట్లోంచి జారింది. "కొత్త గదా, మబ్బు చూసి బెదిరింది."

"అదే రాసియ్యి" అన్నాడు.

కాగితం కోసం విమానం ఎక్కాను. కాగితం దొరికింది. దాంతోపాటు, రెండో గుర్తు అంకెలు రాసుకున్న పాత చీటీలో, నా తప్పు కూడా దొరికింది. మిగతా మూడు గుర్తులూ పటంలోంచో, విమానంలో నుంచో నేరుగా తీసుకున్నవి. రెండో గుర్తు కోసం మాత్రం తోట సర్వేయరుతో జీపులో కొండ మొదలుకు వెళ్ళి, ఒక బోరు షెడ్డు పక్కన అతని చేతి జీపీఎస్ చూసి కాగితం మీద రాసుకున్నాను. అతని పరికరం రేఖాంశాన్ని డిగ్రీల్లో, డిగ్రీని నిమిషాలుగా, నిమిషాన్ని సెకన్లుగా విడగొట్టి చూపిస్తుంది. అందులో పంతొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. మా బాక్సు సెకన్లు తీసుకోదు, నిమిషంలో నూరో వంతులు తీసుకుంటుంది. నేను ఆ యాభైని అలాగే కొట్టాను. బాక్సు దాన్ని అర నిమిషం అనుకుంది, అంటే ముప్పై సెకన్లు. ఇరవై సెకన్ల తేడా. నేల మీద ఆ ఇరవై సెకన్లు ఆరు వందల మీటర్లు, కొండ వైపుకి. పైగా వాయుగుండం రోజున ఎత్తు చూపే గడియారంలో, నేను చేసినట్టు, దిగే చోటి గాలి ఒత్తిడి కాకుండా వేరే ఊరిది పెట్టుకుని ఎగిరితే అది ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. అన్నీ కలిపితే నేను ఉంచుకున్న మూడు వందల అడుగుల్లో మిగిలింది ఆ గొడుగు ఎత్తే.

అంతా అర్థమైంది. అర్థమయ్యాక కూడా దిగి వచ్చి, పెద్దాయన ముందు కూర్చుని రాశాను. మబ్బులో ధైర్యం చాలదు, కెప్టెను మాట వినదు, ఇంకా శిక్షణ కావాలి. కింద సంతకం. నా దస్తూరి బాగుంటుందని చిన్నప్పుడు మా నాయన మురిసిపోయేవాడు. ఆ రోజు కూడా చాలా బాగా కుదిరింది. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

వారం తర్వాత వాళ్ళ అబ్బా మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏం జరిగిందో పాప చెప్పలేదు సార్. మీరేదో రాసిచ్చినారంట, యాడికి పోయినా అదే అడగతా ఉండారంట. ఏం రాసినారు?"

"ఏందంటే, విమానంలో కెప్టెను మాట కెప్టెనుదే. పక్కనోళ్ళు చెయ్యి పెట్టకూడదు" అన్నాను.

"నేను ముప్పై ఏళ్ళు బస్సు తోలినా సార్. సీతారామపురం ఘాట్లో కండక్టరు ఆపన్నా అని అరిస్తే ఆపేసేవాణ్ణి. ఎందుకు అరిచినావని ఆపినాక అడిగేవాణ్ణి. ఒక్కోసారి వానికి ఊరికే అనుమానం. ఒక్కోసారి చక్రం కింద మనిషి. మీరు అడిగినారా సార్ మా పాపని, ఎందుకని?"

"అదంతా మీకర్థం గాదులే" అన్నాను. బస్సు వేరు, విమానం వేరు అన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన నమస్తే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. సయించకపోతే ఏమైంది, ఆ కాగితం వెనక్కి తీసుకున్నానా?

తర్వాత రెండేళ్ళు అదే విమానం నడిపాను. మబ్బు పట్టినప్పుడల్లా మా ఇంజన్లకు ఏదో ఒక జబ్బు వచ్చేది. ఒకసారి ఆయిల్ ఒత్తిడి, ఒకసారి వైబ్రేషను. "రేణిగుంటలో దించి చూపిద్దామండీ" అనేవాణ్ణి. పెద్దాయన మా ఇంజనీరును తిట్టేవాడు. ఆ పాపం మనిషి రాత్రింబవళ్ళు ఇంజన్లు విప్పి, ఏమీ దొరక్క, తనకే ఏదో తెలియదని కుమిలిపోయేవాడు. నేను అతనికి టీ ఇప్పించేవాణ్ణి.

ఆ గుర్తు సరిచేయొచ్చు గదా అంటారు మీరు. సరిచేయాలంటే విమానం లాగ్ పుస్తకంలో రాయాలి, రాస్తే ఎవరో ఒకరు చదువుతారు. దొంగచాటుగా మార్చొచ్చు, అయిదు నిమిషాల పని. కానీ మార్చితే ఆ పిల్ల కొలిచింది నిజమని నాకు నేను ఒప్పుకున్నట్టు. అందుకని బాక్సులో దాన్ని అలాగే ఉంచాను. నేను వాడలేదు, అంతే.

రిటైరైన రోజు నా తర్వాత వచ్చిన కుర్రాడికి చెబుదామనే అనుకున్నాను. అతను కావలి వైపువాడు, హుషారైనవాడు. కానీ ఆ రోజు సభ పెట్టారు. శాలువా కప్పారు. పెద్దాయన మైకులో "మబ్బులో కొండ మీద నుంచి దించిన మొనగాడు" అన్నాడు. శాలువా భుజం మీద ఉండగా ఎలా చెప్పడం? చప్పట్లు కొట్టినవాళ్ళకు దండం పెట్టి, కార్డు ఆ కుర్రాడి చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో చేయడానికి పనేమీ లేక, పోగొట్టుకోవడానికి ఉద్యోగమూ లేక, నాకు హఠాత్తుగా ధైర్యం వచ్చింది. ఆ అమ్మాయికి ఉత్తరం రాశాను. తప్పు నాదేనని, తను లేపకపోతే నలుగురం చచ్చేవాళ్ళమని, ఇది ఎక్కడ కావాలంటే అక్కడ చూపించుకోమని. ఆమె ఏడాదిన్నర పైగా ఇంట్లో కూర్చుని, కోచింగు సెంటరులో పాఠాలు చెప్పి, చివరికి సరుకుల విమానాల కంపెనీలో చేరిందని ఇంజనీరు చెప్పాడు. నా పెద్దమనసుకు నేనే కరిగిపోయి ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. జవాబులో కన్నీళ్ళో, తిట్లో ఉంటాయనుకున్నాను. ఫోనుకు రెండు వాక్యాలు వచ్చాయి.

"లెటరు అందింది సార్, నాకిప్పుడు అవసరం లేదు. ఆ రెండో గుర్తు బాక్సులో నుంచి తీసేసినారా?"

నేను రాసిన మూడు పేజీల్లో నా పశ్చాత్తాపం ఉంది, నా నిద్రలేని రాత్రులు ఉన్నాయి, నా దస్తూరి ఉంది. ఆ గుర్తు సంగతి లేదు. వెంటనే కావలి కుర్రాడికి ఫోను చేశాను.

"ఆ రెండో గుర్తు వాడబాకు. తీసెయ్."

"తీసేసేదేంది సార్! దానికి మీ పేరే పెట్టుకోనుండాం బాక్సులో. రేపు వాన అంటా ఉండారు, పెద్దాయన ఎవురిదో పెళ్ళికి పోవాల. దాని మీదే దిగుదామనుకుంటా ఉండాం."

"అది తప్పు. అంకెలు తప్పు కొట్టినాను నేను."

నవ్వాడు. "జోకులేస్తారు సార్ మీరు."

మళ్ళీ చెప్పాను. యాభై సెకన్లు, అర నిమిషం, ఆరు వందల మీటర్లు, మేకలు, గొడుగు. ఈసారి నవ్వలేదు.

"మరి ఆ మేడం మబ్బు చూసి బెదిరిందని గదా సార్ మాకు చెప్పినారు?"

"ఆమె బెదరలేదు. నేను అబద్ధం రాసిచ్చినాను" అన్నాను.

అతను సార్ అనకుండానే ఫోను పెట్టేశాడు.